ఆ ఫైలు ఎక్కడిది?

"ఒరేయ్, బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుందటగా, నిజమేనా?"

ఒక రాత్రి పదకొండింటికి మా ఫ్రెండ్ ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాం, మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంటుంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నిజమే అన్నాను, కానీ అసలు ఫైలు ఎక్కడ దింపావని అడిగాను. "నెట్‌లో వెతికితే అన్నిటికంటే పైన వచ్చిందే" అన్నాడు. సైజు చూడమన్నాను. నాలుగు ఎంబీ. ఈ మధ్య బోర్డుల బయోస్ ఫైలు మామూలుగా 16 ఎంబీయో 32 ఎంబీయో ఉంటుంది. పేరు చదవమన్నాను. అందులో బోర్డు మోడల్ ఊసే లేదు, 'డ్రైవర్ అప్‌డేటర్ సెటప్' అని ఉంది. దాన్ని అప్పటికే ఒకసారి నడిపాడట. అది స్కానేదో చేసి, మీ కంప్యూటర్‌లో 14 భాగాలు పాతబడ్డాయని ఎర్ర అక్షరాల్లో చూపించిందట. అన్నీ సరిచేయాలంటే డబ్బు కట్టాలట.

కరెంటు గురించి భయపడని వాణ్ని ఇంతవరకూ చూడలేదు. ఫైలు గురించి భయపడిన వాణ్ని మాత్రం ఒకళ్లిద్దర్ని చూసుంటానేమో. నా అనుభవంలో ఫర్మ్‌వేర్ (బయోస్ లాగా పరికరం లోపలే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రాం) అప్‌డేట్‌లో ప్రమాదకరమైన సమయం స్క్రీన్ మీద గీత నిండే ఆ ఐదు నిమిషాలు కాదు, దానికి ముందు బ్రౌజర్‌లో వెతికే పది నిమిషాలు. ఎందుకంటే కరెంటు సంగతి తయారీదారులు ఎంతో కొంత చూసుకున్నారు. బ్యాటరీలో చార్జి లేకపోయినా, చార్జర్ పెట్టకపోయినా చాలా ల్యాప్‌టాప్‌లు అప్‌డేట్ మొదలుపెట్టనే పెట్టవు. కొన్ని డెస్క్‌టాప్ బోర్డుల మీద రెండో బయోస్ చిప్ ఉంటుంది. ఇంకొన్నిటికి వెనకవైపు ఒక బటన్ ఉంటుంది. ఆసుస్ దాన్ని బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది, గిగాబైట్ క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటుంది. సరైన పేరు పెట్టిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి, చెప్పిన పోర్టులో గుచ్చి, ఆ బటన్ నొక్కితే ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా బోర్డు తనంతట తానే బయోస్ రాసుకుంటుంది. బోర్డు చచ్చినా మళ్లీ లేస్తుందన్నమాట.

తప్పు ఫైలు సంగతి కూడా కొంతవరకు అంతే. ఇప్పటి బోర్డులు చాలావరకు తయారీదారు డిజిటల్ సంతకం లేని బయోస్‌ను, వేరే మోడల్‌కి చెందిన బయోస్‌ను ఒప్పుకోవు. అయితే ఆ కాపలా బోర్డు గుమ్మం దగ్గర మాత్రమే. మీరు విండోస్‌లో డబుల్ క్లిక్ చేసి, అడ్మిన్ అనుమతికి 'ఎస్' నొక్కిన సెటప్ ఫైలును బోర్డు చూడదు. బయోస్ పేరు చెప్పి లోపలికి వచ్చిన ఆ ప్రోగ్రాం బయోస్ జోలికి వెళ్లకుండానే కావాల్సినవన్నీ పట్టుకుపోవచ్చు.

ఈ మాట చెబితే చాలామంది పాత సూత్రం తీస్తారు: బాగా నడుస్తున్నదాన్ని కెలక్కు, అప్‌డేటే చేయకపోతే ఏ గొడవా ఉండదు కదా అని. ఒకప్పుడు నేనూ ఆ పార్టీయే. దానికి కారణం కూడా ఉంది. 1998లో తైవాన్‌లో ఒక విద్యార్థి రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న పేలి, హార్డ్ డిస్క్‌తో పాటు చాలా మెషీన్లలో బయోస్ చిప్‌నీ చెరిపేసింది. ఆ రోజుల్లో చెడిన బయోస్ అంటే చిప్ పీకి వేరేచోట రాయించడమే. బయోస్ అనే మాట వింటేనే చేతులు వెనక్కి తీసుకునే అలవాటు అప్పటిది.

ఆ అలవాటును నాకు వదిలించింది ఒక సంఖ్య: 32,768. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డీల (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో చేసిన డిస్కుల) గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. అవి సరిగ్గా 32,768 గంటలు నడిచాక ఆగిపోతాయి, డిస్కూ పోతుంది, అందులో డేటా కూడా తిరిగి రాదు అని. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. రెండుని పదిహేనుసార్లు గుణిస్తే వచ్చేది ఇదే సంఖ్య. కోడ్ రాసేవాళ్లు దాన్ని చూడగానే నాలుక కరుచుకుంటారు. 16 బిట్ల గడిలో ప్లస్సూ మైనస్సూ రెండూ పట్టేలా లెక్క రాస్తే 32,767 దాకానే పోతుంది, ఆ తర్వాత గంట గడవగానే లెక్క తలకిందులవుతుంది. సర్వర్‌లో ఒక డిస్కు పోతే ఇంకోటి ఆదుకోవాలని నాలుగైదు డిస్కులు కలిపి పెడతారు. వాటన్నిటినీ ఒకే రోజు పెట్టి, ఒకేసారి స్విచ్ వేసుంటారు. అప్పుడు అన్నీ కలిసి ఒకే గంటలో పోతాయి. ముందు రోజు దాకా ఆ డిస్కుల్లో ఏ లోపమూ కనిపించదు. బాగా నడుస్తున్నదాన్ని కెలకనివాడు మునిగిపోయేది ఇక్కడే. కొన్ని నెలలకే, 2020 మార్చిలో, అదే కంపెనీ వేరే డిస్కుల విషయంలో 40,000 గంటల హెచ్చరిక కూడా ఇచ్చింది. రెండిటికీ మందు ఒకటే, గడువులోపు ఫర్మ్‌వేర్ మార్చుకోవడం.

సర్వర్ల గోల మనకెందుకు అనుకుంటే, ఇంట్లో వాడే డిస్కుల్లోనూ ఇలాంటిది జరిగింది. క్రూషియల్ ఎం4 అనే ఎస్‌ఎస్‌డీ 5,184 గంటలు, అంటే 216 రోజులు నడిచాక గంటకోసారి బిగుసుకుపోయేది. రీస్టార్ట్ చేస్తే ఇంకో గంట నడిచేది. 2012 జనవరిలో వచ్చిన 0309 ఫర్మ్‌వేర్‌తో అది తీరింది. మొన్నమొన్నటి ఉదాహరణ ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. వోల్టేజీ అవసరానికి మించి ఎక్కి చిప్ మెల్లగా దెబ్బతింటోందని తేలాక, 2024 ఆగస్టులో 0x129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే కోడ్) ఇచ్చారు. అది మన చేతికి చేరింది బోర్డు బయోస్ అప్‌డేట్ ద్వారానే. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయదు, బాగున్నదాన్ని కాపాడుతుంది. ఆలస్యం చేసిన ప్రతి నెలా చిప్ అరుగుతూ ఉంటుందన్నమాట.

అలాగని వచ్చిన ప్రతి అప్‌డేట్‌నూ ఆ రోజే ఎక్కించేవాళ్లను చూసినా నాకు అంతే కోపం. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక హడావుడిగా వచ్చిన మైక్రోకోడ్‌తో కొన్ని మెషీన్లు వాటంతటవే రీబూట్ అవడం మొదలుపెట్టాయి. ఆ నెల 22న ఇంటెలే స్వయంగా ఇక ఎక్కించకండి, ఆగండి అని చెప్పాల్సి వచ్చింది. అప్పటికే ఎక్కించేసినవాళ్ల మీద ఏ అజాగ్రత్త నేరం మోపుతాం? వాళ్లు కంపెనీ చెప్పిందే చేశారు. అందుకే నా పద్ధతి ఇది: అప్‌డేట్ నోట్స్‌లో డేటా పోతుందనో, హార్డ్‌వేర్ దెబ్బతింటుందనో, లోపాన్ని ఇప్పటికే ఎవరో వాడుకుంటున్నారనో ఉంటే వెంటనే చేస్తాను. మిగతావాటికి రెండు మూడు వారాలు ఆగుతాను. నా సొంత పని ఆగిపోయే వారంలో మాత్రం అసలు చేయను.

నోట్స్ చదువుదామంటే ఉంటేగా! ఇక్కడ కంపెనీలను తిట్టక తప్పదు. "సిస్టమ్ స్థిరత్వాన్ని మెరుగుపరిచాం." ఏ బోర్డు పేజీ తెరిచినా ఇదే వాక్యం. ఏది అస్థిరంగా ఉండేది, ఎవరికి, ఎప్పుడు? ఒక్క ముక్క ఉండదు. మందుసీసా మీద 'ఆరోగ్యం మెరుగుపడును' అని మాత్రమే రాసి అమ్మితే ఊరుకుంటామా? 2023 డిసెంబరులో లోగోఫెయిల్ అనే లోపాల గుంపును బైనార్లీ అనే సంస్థ బయటపెట్టింది. మెషీన్ ఆన్ చేయగానే కనిపించే కంపెనీ లోగో బొమ్మను చదివే కోడ్‌లో తప్పుంది, అక్కడ ఒక వంకర బొమ్మ పెడితే ఆపరేటింగ్ సిస్టమ్ లేవకముందే దొంగ కోడ్ నడిపించవచ్చు. అంత పెద్ద సంగతికి మందు కూడా కొన్నిచోట్ల ఆ 'మెరుగుపరిచాం' కిందే దాక్కుని వస్తుంది. చదివేవాడికి ఇది తప్పనిసరా, పక్కన పెట్టొచ్చా అని తేల్చుకునే దారి ఉండదు. నోట్స్ సరిగ్గా రాయడం కూడా భద్రతలో భాగమేనని వీళ్లకి ఎవరు చెప్పాలో!

సరే, వెతకడం దగ్గరికి వద్దాం. సెర్చ్ బాక్స్‌లో 'బయోస్ అప్‌డేట్' అని కొట్టడంతోనే తప్పు మొదలవుతుంది. పైన వచ్చేవి ప్రకటనలు కావచ్చు, కంపెనీ పేరుకి ఒక అక్షరం అటూ ఇటూ చేసిన సైట్లు కావచ్చు, అన్ని కంపెనీల ఫైళ్లనూ ఒకచోట పోగేసి పెట్టిన గోడౌన్లు కావచ్చు. కంపెనీ అడ్రసు బ్రౌజర్‌లో స్వయంగా టైపు చేసి, సపోర్ట్ పేజీకి వెళ్లి, అక్కడ మోడల్ ఇవ్వాలి. ల్యాప్‌టాప్ అయితే అడుగున ఉన్న సీరియల్ నంబరు ఇవ్వడం ఇంకా మేలు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి అమ్మిన ల్యాప్‌టాప్‌ల్లో లోపలి బోర్డులు వేర్వేరుగా ఉంటాయి.

డెస్క్‌టాప్ బోర్డు మోడల్ విండోస్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో 'బేస్‌బోర్డ్ ప్రోడక్ట్' అనే వరుసలో ఉంటుంది. ఇప్పుడున్న బయోస్ వెర్షన్, తేదీ కూడా ఆ పేజీలోనే కనిపిస్తాయి. ఇంతటితో అయిపోయిందనుకుంటాం కానీ, బోర్డు అంచున సూది మొనంత అక్షరాల్లో 'రెవ్ 1.0' అనో 'రెవ్ 1.2' అనో ముద్రించి ఉంటుంది. కేస్ తెరిచి, టార్చి వేసి చూస్తే తప్ప అది కనబడదు. మోడల్ పేరు ఒకటే అయినా రివిజన్‌ను బట్టి ఫైలు మారిపోయే బోర్డులున్నాయి. అట్టపెట్టె దాచుకునేవాళ్లను నేను ఎగతాళి చేసేవాణ్ని. ఇప్పుడు నా దగ్గర కూడా మూడున్నాయి, స్టిక్కర్ మీద రివిజన్ ఉంటుందని.

ఎస్‌ఎస్‌డీల్లో ఇంకో తిరకాసు ఉంది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన డిస్కు, విడిగా కొన్న డిస్కు చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నా, ల్యాప్‌టాప్ కంపెనీ కోసం తయారుచేసిన దానికి ఫర్మ్‌వేర్ వేరే ఉంటుంది. దాన్ని ల్యాప్‌టాప్ కంపెనీయే ఇవ్వాలి. డిస్కు కంపెనీ టూల్ "కొత్తది ఏమీ లేదు" అంటే అంతా తాజాగా ఉందని కాదు, నీది నా లెక్కలో లేదని.

కంపెనీ సైటే అయితే ఇక నిశ్చింతగా ఉండొచ్చా? ఉండకూడదని 2019 మార్చిలో తెలిసింది. ఆసుస్ లైవ్ అప్‌డేట్ అనే టూల్‌లోకి దుండగులు దొంగ కోడ్ జొప్పించి, ఆ కంపెనీ అసలు సంతకంతోనే, అసలు సర్వర్ల నుంచే జనానికి పంచిన సంగతిని కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ బయటపెట్టింది. షాడోహ్యామర్ అని దానికి పేరు. అది ఎంతోమంది మెషీన్లలో దిగినా, నిజంగా గురిపెట్టింది నెట్‌వర్క్ అడ్రసుల జాబితాలో ఉన్న కొన్ని వందల మెషీన్లనే. ఈ కథ చెప్పి "చూశావా, అసలు సైటూ అంతే, నకిలీ సైటూ అంతే" అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒకటి ఎప్పుడో ఎవరి మీదో పన్నిన కుట్ర, ఇంకోటి సెర్చ్ చేసిన ప్రతివాడి కోసం రోజూ వేసి ఉంచే వల. కాకపోతే ఆ కథ నుంచి నేను ఒక్కటి తీసుకున్నాను: ఎప్పుడూ వెనకాల కూర్చుని తనంతట తానే అప్‌డేట్‌లు దింపే కంపెనీ టూల్‌ను నా మెషీన్‌లో ఉండనివ్వను. 2023లో గిగాబైట్ బోర్డుల ఫర్మ్‌వేర్‌లోనే ఉన్న అలాంటి ఒక ఏర్పాటు సరైన రక్షణ లేని కనెక్షన్ మీద కూడా ఫైళ్లు దింపుతోందని ఎక్లిప్సియం అనే సంస్థ చూపించాక ఆ పట్టుదల ఇంకా పెరిగింది. ఫైలు నేనే దింపి, ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్ మెనూలోకి వెళ్లి అక్కడి నుంచే ఎక్కిస్తాను. విండోస్ లోపలి నుంచి ఫ్లాష్ చేయడం, అంటే చిప్‌లోకి రాయడం, నాకు ఇష్టం ఉండదు. ఆ సమయంలో యాంటీవైరస్‌కి ఏ బుద్ధి పుడుతుందో ఎవరికి తెలుసు!

డౌన్‌లోడ్ పక్కన కొందరు షా-256 అంకె ఇస్తారు, అది ఫైలుకి వేలిముద్ర లాంటిది. సరిపోల్చడం మంచిదే, ఫైలు దారిలో చెడిపోలేదని తెలుస్తుంది. కానీ సైట్‌లోకే దొంగ దూరితే ఫైలుతో పాటు పక్కనున్న అంకెనూ మార్చేస్తాడు కదా. తాళం, తాళంచెవి ఒకే కొక్కేనికి తగిలించినట్టు. అసలు నమ్మకం సంతకానిదే.

ఈ మొత్తం తంతు ఇలాగే ఉండాలని ఎక్కడా రాసి లేదు. లినక్స్ వాళ్లు దీన్ని ఎప్పుడో దారిలో పెట్టారు. రెడ్ హ్యాట్‌లో పనిచేసే రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టిన ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే ప్రోగ్రాం, దాని వెనకున్న ఎల్‌వీఎఫ్ఎస్ అనే భాండాగారం కలిసి పనిచేస్తాయి. తయారీదారులే తమ ఫైళ్లు అక్కడ పెడతారు, జాబితాకు సంతకం ఉంటుంది, ప్రోగ్రాం మన మెషీన్‌లోని భాగాలను గుర్తుపట్టి సరిపోయేదే చూపిస్తుంది. వెతుకులాట లేదు, రివిజన్ కోసం టార్చి లైటూ లేదు. ల్యాప్‌టాప్, డాక్, కొన్ని డిస్కులు, చివరికి మౌస్ డాంగిల్ కూడా అందులో వస్తాయి. విండోస్ అప్‌డేట్ ద్వారా కూడా కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఫర్మ్‌వేర్ వస్తుంది, అలా వస్తే తీసుకోవడమే మంచిది. అయినా డెస్క్‌టాప్ బోర్డు కంపెనీలు చాలావరకు ఈ దారికి రాకుండా మనల్ని ఇంకా జిప్ ఫైళ్ల వెంట తిప్పుతున్నాయి.

ఇంత జాగ్రత్తగా ఉండే నేనే ఒకసారి గట్టిగా తిన్నాను. అసలు ఫైలే, సరైన మోడలే, చార్జరూ పెట్టాను. ల్యాప్‌టాప్ బయోస్ అప్‌డేట్ చక్కగా అయింది, రీస్టార్ట్ అయింది, ఆ వెంటనే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్కుకి ఎన్‌క్రిప్షన్ (కీ లేకపోతే డేటా చదవనివ్వని తాళం; విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్) ఉందనే సంగతే నాకు తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా కొత్త ల్యాప్‌టాప్‌ల్లో అది మనల్ని అడక్కుండానే ఆన్ అవుతుంది. తాళంచెవి టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. ఫర్మ్‌వేర్ మారగానే 'ఇది నాకు తెలిసిన మెషీన్ కాదు' అని అది తాళంచెవి ఇవ్వడానికి మొండికేస్తుంది. దాని పని అది చేసింది, పాపం. ఫోన్‌లో అకౌంట్ తెరిచి చూస్తే కీ అక్కడ ఉంది కాబట్టి బతికిపోయాను. ఎనిమిది గుంపులుగా ఆరేసి అంకెలు, రెండుసార్లు తప్పు కొట్టాను, చెమటలు పట్టాయి. ఇప్పుడు ముందుగా ఆ కీని కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేశాకే బయోస్ మెనూలోకి వెళ్తాను. బయోస్ సెట్టింగులన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోవడం కూడా ఆ తర్వాత అలవాటైంది, ఎందుకంటే అప్‌డేట్‌తో చాలాసార్లు అవన్నీ మొదటికొస్తాయి. డిస్కు మోడ్ ఒక్కటి మారినా విండోస్ లేవకపోవచ్చు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ ముందు చెప్పరు. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులో అప్‌డేట్ అయ్యాక మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఒక చిన్న లైటు వెలుగుతుంటుంది, అంతే. బోర్డు ర్యామ్‌తో సరిపడే టైమింగులు మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంటోంది. నా డెస్క్‌టాప్‌కి మొదటిసారి నాలుగు నిమిషాలు పట్టింది. గడియారం ముందు పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండో నిమిషంలో పవర్ బటన్ వైపు చెయ్యి దానంతట అదే పోయింది. ఆ నలుపు చూసి బోర్డు పోయిందనుకుని స్విచ్ ఆపి, మళ్లీ వేసి, మళ్లీ ఆపి గందరగోళం చేసుకున్నవాళ్లు చాలామంది ఉంటారని నాకు గట్టి అనుమానం. పావుగంట దాకా దాన్ని ముట్టుకోకండి.

ఇక మా ఫ్రెండ్ సంగతి. ముందు ఆ డ్రైవర్ అప్‌డేటర్‌ను తీసేయించి, ఫుల్ స్కాన్ పెట్టించాను. అది అరగంట తిరిగింది. ఈలోపు కేస్ తెరిచి, ఫోన్ టార్చి వేసి, బోర్డు అంచు చదవమన్నాను. "రెవ్... ఒకటి పాయింట్... ఆగు, దుమ్ముంది... ఒకటి పాయింట్ ఒకటి." కంపెనీ సపోర్ట్ పేజీ ఇద్దరం తెరిచాం. ఆ రివిజన్‌కి ఉన్న ఆఖరి బయోస్ పైవరుసలోనే ఉంది. "ఇప్పుడు నీ మెషీన్‌లో ఉన్న వెర్షన్ చదువు" అన్నాను. చదివాడు. రెండూ ఒకటే.

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ 14 ఏంట్రా?" అన్నాడు.